పేరు గొప్ప, కాలమ్ దిబ్బ

డేటాతో పనిచేసే ఆఫీసుల్లో ఒక ఆచారం పాతుకుపోయింది. టేబుల్లోంచి కాలమ్ కావాలంటే పేరు పెట్టి అడగాలి, నెంబరుతో అడగకూడదు. "మూడో కాలమ్ ఇవ్వు" అని రాసిన కోడ్ రివ్యూకి వెళ్తే తిరుగు టపాలో వెనక్కి వస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు అలా రాస్తే సీనియర్ చిన్నగా నవ్వి పాఠం మొదలుపెడతాడు. ఆర్ భాషలో డేటా డాట్ టేబుల్ ప్యాకేజీ రాసినవాళ్లయితే, కాలమ్‌ని నెంబరుతో పిలవడం మంచి అలవాటు కాదని తమ ప్రశ్నోత్తరాల పత్రంలోనే చెప్పేశారు. ఆ మాట పాఠాల్లోకి, పుస్తకాల్లోకి, కంపెనీల కోడింగ్ నియమాల్లోకి పాకింది. మొదట సలహాగా పుట్టింది, ఇప్పుడు మడి ఆచారమైంది. మడి కట్టుకున్నాక వంట ఎలా ఉందో ఎవరూ రుచి చూడటం లేదు.

వాళ్ల వాదనలో సారం లేదని అనను. "ఐదు" అని రాసి ఉంటే చదివేవాడికి అర్థం కాదు, అయిదోది ఏమిటో వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. రేపు ఎవరో మధ్యలో ఒక కాలమ్ చేరిస్తే ఐదు కాస్తా ఆరవుతుంది. ఈ రెండూ నిజమే. కానీ నియమం మొత్తం మోస్తున్నది మూడో వాదన: పేరు తప్పైతే ప్రోగ్రాం అక్కడే ఆగి అరుస్తుంది, నెంబరు తప్పైతే కిక్కురుమనకుండా తప్పుడు జవాబిస్తుంది. పేరుకున్న పవిత్రతంతా ఈ నమ్మకం నుంచి వచ్చిందే. ఇది తప్పు నమ్మకం. చూపిస్తాను.

ఆర్‌తో మొదలుపెడదాం. టేబుల్ పేరు, డాలర్ గుర్తు, కాలమ్ పేరు. ఆర్ నేర్చుకునే ప్రతివాడికీ మొదట అబ్బేది ఈ పద్ధతే. ఇప్పుడు టేబుల్లో లేని పేరు రాయండి. ఎర్రర్ రాదు. నల్ అనే శూన్యం చేతిలో పెడుతుంది. ఆ శూన్యాన్ని కూడమని సమ్ ఫంక్షన్‌కి ఇవ్వండి, సున్నా అంటుంది. పింఛన్ మొత్తం అనే కాలమ్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొడితే, జిల్లా అంతా కలిపి పింఛన్ కింద రూపాయి కూడా ఇవ్వలేదని రిపోర్టు తయారవుతుంది. అదే టేబుల్లో తొమ్మిది కాలమ్‌లుండగా కామా పెట్టి పదో కాలమ్ అడగండి. అలాంటి కాలమ్ లేదని ఆర్ ఆగిపోతుంది. అరిచింది ఎవరు, నోరు మూసుకున్నది ఎవరు?

ఇంతటితో అయిపోలేదు. డాలర్ గుర్తుతో అడిగినప్పుడు ఆర్ పేరు మొత్తం సరిపోవాలని పట్టుబట్టదు. మొదటి కొన్ని అక్షరాలు కలిసి, అలా కలిసే కాలమ్ ఒక్కటే ఉంటే అదే ఇచ్చేస్తుంది. నిన్నటిదాకా టేబుల్లో "మండల్" అనే కాలమ్, "మండల్ కోడ్" అనే కాలమ్ రెండూ ఉన్నాయనుకోండి. ఇవాళ వచ్చిన ఫైల్లో మొదటిది లేదు. మీ కోడ్ "మండల్" అని అడుగుతుంది, ఆర్ నిశ్శబ్దంగా "మండల్ కోడ్" అందిస్తుంది. మండలాల పేర్లుండాల్సిన చోట అంకెలు కూర్చుంటాయి. పేరుతోనే కదా అడిగాం! ఈ ప్రవర్తన ప్రమాదమని తెలిసే తర్వాత వచ్చిన టిబుల్ అనే టేబుల్ రకం ఈ సగం పేరు వ్యవహారాన్ని తీసేసింది. పాత డేటా ఫ్రేమ్‌లో మాత్రం అది అలాగే ఉంది.

నెంబర్లను తిట్టిన డేటా డాట్ టేబుల్ సంగతి ఇంకా తమాషా. దాని చదరపు బ్రాకెట్ల లోపల కొటేషన్లు లేకుండా కాలమ్ పేరు రాస్తే, ముందు టేబుల్లో వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతే బయట అదే పేరుతో ఏదైనా వేరియబుల్ ఉందేమో చూస్తుంది. ఉంటే అది వాడేస్తుంది. ఉదయం ఎప్పుడో "రేటు" అనే వేరియబుల్లో ఒక అంకె పెట్టుకుని మరిచిపోయారు. మధ్యాహ్నం వచ్చిన ఫైల్లో "రేటు" కాలమ్ లేదు. లెక్క ఆగదు, మొత్తం టేబుల్ మీద ఉదయపు అంకె నడుస్తుంది.

పైథాన్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. వాళ్ల టేబుళ్ల లైబ్రరీ పాండాస్‌లో లేని పేరు చదవబోతే ఎర్రర్ వస్తుంది, అంతవరకు మంచిదే. లేని పేరులో విలువ పెట్టబోతే మాత్రం కొత్త కాలమ్ పుడుతుంది. "మొత్తం" సరిచేద్దామని "మొత్తము" అని కొట్టారంటే, పాత కాలమ్ పాత తప్పులతోనే ఉంటుంది, పక్కన సరైన లెక్కతో ఒక కవల పుడుతుంది, రిపోర్టు పాతదాన్నే చదువుతుంది. రెండు టేబుళ్లు పక్కపక్కన అతికించి "ఐడీ" అనే కాలమ్‌లు రెండు తయారైతే, ఐడీ ఇవ్వమని అడిగినప్పుడు ఒక కాలమ్ రాదు, రెండు కాలమ్‌ల టేబుల్ వస్తుంది. మెర్జ్ చేస్తే ఒకే పేరున్న కాలమ్‌ల చివర ఎక్స్ ఒకదానికి, వై ఒకదానికి తగిలిస్తుంది. ఎక్స్ అంటే ఎడమ టేబుల్‌ది, వై అంటే కుడి టేబుల్‌ది. పేరు అని చెప్పుకుంటున్న ఆ తోక ఎవరు ఎటు నిలబడ్డారో చెప్పే గుర్తు!

అసలు విషయం ఇక్కడే ఉంది. మనకి వచ్చే డేటాలో ఎక్కువ భాగం సీఎస్వీ ఫైళ్ల రూపంలో వస్తుంది. సీఎస్వీలో పేర్లు పై వరుసలో ఉంటాయి, విలువలు కింది వరుసల్లో ఉంటాయి. ఫలానా విలువ ఫలానా పేరుదని ప్రోగ్రాంకి ఎలా తెలుస్తుంది? పై వరుసలో నాలుగో కామా ముందున్నది పేరు, కింది వరుసలో నాలుగో కామా ముందున్నది విలువ. అంతే. రెండింటినీ కలిపేది స్థానం ఒక్కటే. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలు లాంటిది ఆ పేరు: తువ్వాలు పక్క సీటులోకి జరిగితే, సీటూ దానితో పాటు జరగదు. స్థానాన్ని నమ్మకూడదని చెప్పే ప్రతి మనిషీ ఫైలు చదివిన ఆ మొదటి లైనులోనే స్థానాన్ని కళ్లు మూసుకుని నమ్మేశాడు.

తువ్వాలు జరగడం ఊహ కాదు. పేర్ల వరుసలో పది పేర్లుండి, విలువల వరుసల చివర ఒక్కో కామా ఎక్కువ పడి పదకొండు గళ్లు తేలితే పాండాస్ ఏం చేస్తుందో తెలుసా? ఫిర్యాదు చేయదు. మొదటి గడి విలువల్ని ఇండెక్స్‌గా తీసేసుకుని, పేర్లన్నిటినీ ఒక్కో గడి పక్కకి జరిపేస్తుంది. మొదటి పేరు కింద రెండో విలువ, రెండో పేరు కింద మూడో విలువ, ఇలా చివరిదాకా. చివరి కాలమ్ ఖాళీ. దీన్ని ఆపడానికి ఇండెక్స్ వద్దని విడిగా చెప్పే ఆప్షన్ ఉంది, చివర కామాలున్న ఫైళ్ల కోసమే అది అని పత్రాల్లో రాసీ ఉంది. ఆర్‌లో కూడా అంతే. పేర్ల వరుసలో ఒకటి తక్కువుంటే మొదటి కాలమ్‌ని వరుసల పేర్లుగా వాడుకుంటుంది. ఇలా జరిగిన టేబుల్లోంచి "వయసు" అని ఎంత శుద్ధంగా పేరు పెట్టి అడిగినా వచ్చేది పిన్‌కోడో, జీతమో.

వైద్య పరిశోధనలో దీనికి దగ్గరి ఘటన ఒకటి నమోదై ఉంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జన్యువుల తీరును బట్టి ఏ రోగికి ఏ క్యాన్సర్ మందు పనిచేస్తుందో చెప్పగలమని 2006లో ప్రకటించారు. ఆ లెక్కల్ని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రానికి చెందిన కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ తిరగదోడి 2009లో ఒక వ్యాసం అచ్చువేశారు. ప్రకటించిన జన్యువుల జాబితాలు కొన్ని ఒక్క వరుస కిందికి జరిగి ఉన్నాయని తేల్చారు. ఆ వ్యవహారంలో ఇంతకంటే పెద్ద తప్పులు చాలా బయటపడ్డాయి, చివరికి 2006 నాటి ఆ పరిశోధనా పత్రాన్ని 2011లో వెనక్కి తీసుకున్నారు, కాబట్టి పాపమంతా ఈ ఒక్క జారుడు మీద వేయను. కాలమ్‌ల చోట వరుసలు, అంతే తేడా. గమనించాల్సింది ఏమిటంటే ఆ టేబుళ్లలో పేర్లున్నాయి. ప్రతి జన్యువుకీ చక్కని పేరుంది. అది పక్కవాడి విలువ పక్కన ఉంది.

తెలుగులో పని చేసేవాళ్లని పేరు మరో రకంగా మోసం చేస్తుంది. కాలమ్ శీర్షికలు తెలుగులో ఉన్న టేబుళ్లు ఇప్పుడు మామూలే. "ఆధార్ నెంబరు" అన్న శీర్షిక తీసుకోండి. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం ఒకటి పెట్టడం తెలుగు టైపింగులో చాలామందికి అలవాటు, కొన్ని కీబోర్డులు తామే పెట్టేస్తాయి. స్క్రీన్ మీద రెండు రూపాలకీ తేడా తెలియదు, కంప్యూటర్‌కి మాత్రం అవి వేర్వేరు పేర్లు. యూనికోడ్ నార్మలైజేషన్ చేసినా ఆ కనబడని అక్షరం పోదు. "రైతు పేరు" సంగతి చూడండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా దాచవచ్చు, లేదా ఎత్వం, దాని కింది ఐత్వపు గుర్తు అని రెండు ముక్కలుగా దాచవచ్చు. అచ్చులో రెండూ "రైతు"లే, పోల్చి చూస్తే సమానం కావు. ఇక ఎక్సెల్‌లో సీఎస్వీ యూటీఎఫ్-8 అని సేవ్ చేసిన ఫైలు మొదట్లో బామ్ అనే మరో అదృశ్య గుర్తు కూర్చుంటుంది. పైథాన్ సీఎస్వీ మాడ్యూల్‌తో మామూలుగా తెరిస్తే ఆ గుర్తు సరాసరి మొదటి కాలమ్ పేరుకి అతుక్కుంటుంది. ఆర్‌లో మొదటి కాలమ్ పేరు ముందు రెండు చుక్కలూ ఒక వింత అక్షరమూ చూసి జుట్టు పీక్కున్నవాళ్లు లెక్కలేనంతమంది. ఇలాంటి చోట్ల ఎర్రర్ వస్తుంది కదా, అదే మేలు అంటారు. నిజమే, వస్తుంది. కంటికి కనిపిస్తున్న కాలమ్ లేదని వస్తుంది. పేరులో ఏ తేడా ఉందో కంటికి కనిపించదు కాబట్టి అదే పేరు మళ్లీ మళ్లీ కొడుతూ పూట గడుస్తుంది. మొదటి కాలమ్ మొదటి కాలమే అని ఒక్క మాట అనగలిగితే ఆ పూట మిగిలేది.

ఇవన్నీ పేరు చెడిపోయిన కథలు. పేరు అక్షరం కూడా మారకుండా ఉండి, దాని వెనకున్న వస్తువు మారిపోతే? రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా లెక్కలు చూసేవాళ్లకి ఇది బాగా తెలుసు. సంవత్సరాలు అడ్డంగా, జిల్లాలు నిలువు కాలమ్‌లుగా ఉండే పట్టికలు మన గణాంక పుస్తకాల్లో ఉంటాయి. తెలంగాణ 2014లో 10 జిల్లాలతో మొదలైంది, 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్లో 26 అయ్యాయి. స్థానంతో పిలిచిన కోడ్ ఇక్కడ పేకమేడలా కూలుతుంది, ఒప్పుకుంటాను. పేరుతో పిలిచిన కోడ్ కూలదు. "కృష్ణా" అని అడిగితే కృష్ణా ఇస్తుంది. కానీ 2021 కృష్ణాలో విజయవాడ ఉంది, 2023 కృష్ణాలో లేదు, అది ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. "ఆదిలాబాద్" అని అడిగితే ఆదిలాబాద్ వస్తుంది, పాత జిల్లాలో నాలుగో వంతు ముక్కగా. పుట్టపర్తి లేని అనంతపురం వస్తుంది. గ్రాఫు గీస్తే గీత ఒక్కసారిగా కిందికి పడుతుంది, కింద "జిల్లాలో తగ్గిన సాగు" అని శీర్షిక పడుతుంది. దీనికి తలకిందుల కథా ఉంది. నెల్లూరు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది, కడప 2010లో వైఎస్సార్ జిల్లా అయింది. నేల అదే, పేరు వేరు. అక్కడ పేరు పట్టుకున్న కోడ్ తెగిపోయింది, స్థానం పట్టుకున్న కోడ్ తెగలేదు. ఏది భద్రమో ఇప్పుడు ఒక్క వాక్యంలో చెప్పండి చూద్దాం.

మన పేర్ల దాకా వస్తే, విదేశీ ఫారాల్లో "ఫస్ట్ నేమ్", "లాస్ట్ నేమ్" అని రెండు కాలమ్‌లుంటాయి. మనకి ఇంటి పేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. మొదటి పేరు రాయమంటే చాలామంది మొదట వచ్చేదే రాస్తారు, అంటే ఇంటి పేరు. పాస్‌పోర్టులో పెట్టిన పేరు గడి ఖాళీగా ఉండి అంతా ఇంటి పేరు గడిలోనే పడ్డవాళ్లకి అమెరికా వీసా మీద మొదటి పేరు తెలియదు అనే అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. ఆ టేబుల్లోంచి "ఫస్ట్ నేమ్" కాలమ్‌ని ఎంత నియమబద్ధంగా తీసినా, "ప్రియమైన ఎఫ్ఎన్‌యూ గారికి" అనే ఉత్తరాలే వెళ్తాయి. వెళ్తున్నాయి కూడా.

ఇక రెండో వైపు చూద్దాం. స్థానమే ఒప్పందమైన చోట్లు ఉన్నాయి, అవి మూలన పడ్డ పాత సరుకు కాదు. మన దేశంలో 1950లో మొదలైన నేషనల్ శాంపుల్ సర్వే ఇంటింటి డేటా ఏళ్ల తరబడి ఏ శీర్షికా లేని టెక్స్ట్ ఫైళ్లుగా వచ్చింది. ఒక వరుసంతా అంకెలే. పక్కన లేఅవుట్ పట్టిక ఒకటి ఇస్తారు: ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా రాష్ట్రం, ఆ తర్వాతిది ఇంకొకటి అని. అక్కడ స్థానం తప్ప పేరంటూ ఏదీ లేదు. మీరు పేర్లు పెట్టుకున్నా ఆ పట్టిక చూసి స్థానాలకే పెడతారు. 1928 నాటి ఐబీఎం 80 కాలమ్‌ల కార్డు నుంచి వస్తున్న సంప్రదాయం ఇది. జన్యు శాస్త్రంలో బెడ్ అనే ఫైలు రకం ఉంది. మొదటి కాలమ్ క్రోమోజోమ్, రెండోది మొదలు, మూడోది ముగింపు. శీర్షిక అక్కర్లేదు, ఆ మూడూ అదే వరుసలో ఉండి తీరాలి. లినక్స్ మెషీన్లలో యూజర్ల జాబితా ఉండే పాస్‌వర్డ్ ఫైల్లో కోలన్లతో విడగొట్టిన ఏడు గళ్లు, మూడోది యూజర్ నెంబరు. ఇక్కడ "మూడో కాలమ్" అని రాయడమే స్పష్టత, ఎందుకంటే నియమావళి కూడా మూడో కాలమ్ అనే చెబుతుంది. రివ్యూ చేసేవాడు రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోగలడు.

చేతిరాత అంకెల ఎంనిస్ట్ బొమ్మలు టేబుల్‌గా దొరుకుతాయి: ఒక బొమ్మ 28 నిలువు, 28 అడ్డం, అంటే 784 కాలమ్‌లు. కాగుల్ పోటీలో వాటి పేర్లు పిక్సెల్0 నుంచి పిక్సెల్783 దాకా. ఇవి పేర్లా? పంచె కట్టుకున్న నెంబర్లు.

మోడల్స్ కట్టేవాళ్లకి ఇంకో మాట. సైకిట్ లెర్న్ అనే లైబ్రరీ కొత్త వెర్షన్లలో మోడల్‌కి నేర్పినప్పుడున్న కాలమ్ పేర్లు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత లెక్కకట్టమని అవే పేర్లతో, వరుస మార్చి టేబుల్ ఇస్తే ఒప్పుకోదు, నేర్చుకున్న వరుసలోనే ఉండాలని ఎర్రర్ ఇస్తుంది. పేర్లన్నీ ఉన్నాయి కదా, తనే సర్దుకోవచ్చు కదా అనిపిస్తుంది. లోపల ఉన్నది పేర్లతో సంబంధం లేని అంకెల వరుస. మొదటి గుణకం మొదటి కాలమ్‌ది. ఆ లైబ్రరీ రాసినవాళ్లు పేరునీ నమ్మలేదు, స్థానాన్నీ నమ్మలేదు, రెండూ సరిచూసి ముందుకి పోనిచ్చారు. నాకు నచ్చిన పద్ధతి ఇదే.

నెంబరు చేసిన హాని దాచిపెట్టి వాదించడం నా ఉద్దేశం కాదు. ఎక్సెల్‌లో వీలుకప్ రాసినవాళ్లని అడగండి, మధ్యలో ఒక కాలమ్ చేరిస్తే జీతం చోట ఫోన్ నెంబరు ఎలా వస్తుందో చెబుతారు. ఎస్‌క్యూఎల్‌లో రెండు ఫలితాల్ని యూనియన్ చేస్తే అది పేర్లు చూడదు, మొదటిది మొదటిదాని కింద, రెండోది రెండోదాని కింద పేరుస్తుంది. ఊరు, జిల్లా అని ఒకదాంట్లో, జిల్లా, ఊరు అని ఇంకోదాంట్లో ఉంటే రెండూ అక్షరాలే కాబట్టి మాట రాకుండా కలిసిపోతాయి. అన్నిటికంటే చెడ్డది మెషీన్ లెర్నింగ్ మొదటి పాఠాల్లో ఉండే ఆ మూస: చివరి కాలమ్ తప్ప అన్నీ ఎక్స్, చివరి కాలమ్ వై. ఐరిస్ పూల ఫైల్లో జాతి చివరి కాలమ్‌లో ఉంది, కాబట్టి నడిచింది. యూసీఐ భాండాగారంలోనే ఉన్న వైన్ ఫైల్లో రకం మొదటి కాలమ్‌లో ఉంది. మూస అక్కడా అలాగే దించితే చివరనున్న ప్రోలీన్ అనే రసాయనం మోతాదును "రకం" అనుకుని మోడల్ నేర్చుకోబోతుంది, ఎక్కడా ఆగదు. ప్రపంచ బ్యాంకు సీఎస్వీల్లో ప్రతి వరుస చివరా ఒక కామా ఎక్కువ ఉంటుంది. చివరి కాలమ్ అంటే తాజా సంవత్సరం అనుకుని తీస్తే ఖాళీ కాలమ్ చేతికొస్తుంది.

ఈ చెడ్డ ఉదాహరణల్నీ, బెడ్ ఫైలునీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా వాడింది నెంబరే. బెడ్ ఫైల్లో మొదటి మూడు కాలమ్‌ల వరుస మారదని ఆ రూపాన్ని నిర్ణయించినవాళ్లు రాసిచ్చారు. చివరి కాలమే జవాబు అని వైన్ ఫైలు ఎవరికీ మాటివ్వలేదు. కృష్ణా జిల్లా పేరుని ప్రభుత్వం ఉంచింది, హద్దులు మారవని మాత్రం మాటివ్వలేదు. నెంబరైనా పేరైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది మారదని ఎవరు మాటిచ్చారు, ఎక్కడ రాసి ఉంది? దానికి జవాబుంటే నెంబరు వాడటంలో తప్పు లేదు. జవాబు లేకపోతే పేరు వాడినా అది జూదమే. మన నియమాలు ఈ ప్రశ్న అడగడం మానేసి, కొటేషన్ల మధ్య అక్షరాలున్నాయా లేదా అని మాత్రం చూస్తున్నాయి.

పేరు పక్షంవాళ్లు ఇక్కడ ఎడ్గర్ కాడ్‌ని తెస్తారు. ఐబీఎంలో ఉండగా 1970లో ఆయన రాసిన రిలేషనల్ మోడల్ పత్రంలో, వాడుకరులు కాలమ్‌ల వరుసని గుర్తుపెట్టుకోవాల్సిన బరువు మోయకూడదని అన్న మాట నిజమే. ఆ సౌకర్యం డేటాబేస్ లోపల కాపురం ఉన్నవాళ్లకి. అక్కడ పేరుకి రకం ఉంటుంది, కాపలా ఉంటుంది, ఒకే టేబుల్లో ఒకే పేరు రెండుసార్లు రాదు. గుమ్మం బయటి నుంచి ఎవరో మెయిల్‌లో పంపిన ఎక్సెల్ షీటుకి ఆ హామీలేవీ వర్తించవు. ఆయన పేరు చెప్పి ఆ షీటుకి పవిత్రత అంటగట్టడం ఆయనకే అన్యాయం.

పాండాస్ చరిత్రని కూడా తప్పుగానే చదువుతున్నారు. అందులో ఐఎక్స్ అనే పద్ధతి ఉండేది. దానికి 5 అని ఇస్తే అది పేరా, స్థానమా అని తనే ఊహించుకునేది. శీర్షికలు 2019, 2020 అని సంవత్సరాలైన టేబుళ్లలో ఈ ఊహ ఎంత చిక్కు తెస్తుందో చెప్పనక్కర్లేదు. 2017లో దాన్ని వద్దన్నారు, 2020లో 1.0 వెర్షన్‌తో తీసేశారు. తీసేసింది ఊహించే పద్ధతిని. పేరుకి లాక్, స్థానానికి ఐలాక్ అని రెండింటినీ విడివిడిగా, సమాన హోదాతో నిలబెట్టారు. అంతెందుకు, నెంబర్లు మంచివి కావన్న డేటా డాట్ టేబుల్ వాళ్లే 2016 నవంబరులో 1.9.8 వెర్షన్‌లో నెంబరుతో కాలమ్ తీయడాన్ని సులువు చేశారు. అంతకు ముందు విడిగా ఒక ఆప్షన్ పెడితేనే కాలమ్ వచ్చేది, లేకపోతే 5 అని అడిగితే 5 అనే అంకే తిరిగొచ్చేది. వాడేవాళ్లకి అవసరముందని వాళ్లకి తెలుసు.

నేను కోరే పద్ధతి కష్టమైనదేమీ కాదు. బయటి ఫైలు లోపలికొచ్చే గుమ్మం దగ్గర, దాని ఒప్పందం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే కాలమ్‌ని పిలవండి. లేఅవుట్ నెంబర్లలో ఉంటే నెంబర్లతో, శీర్షికల్లో ఉంటే శీర్షికలతో. అక్కడే ఎన్ని కాలమ్‌లున్నాయో లెక్కపెట్టండి, శీర్షికలుంటే ఏ స్థానంలో ఏది ఉండాలో పోల్చండి, విలువలు కూడా చూడండి. పిన్‌కోడ్ కాలమ్‌లో ఆరంకెలు లేకపోతే పేరు ఏదైనా అది పిన్‌కోడ్ కాదు. ఇవి దాటాక మీకు నచ్చిన పేర్లు మీరే పెట్టుకోండి. లోపలి కోడంతా ఆ పేర్లతోనే నడవనివ్వండి, అక్కడ నెంబర్లు నాకూ ఇష్టం లేదు. శీర్షికలకీ స్థానాలకీ పొత్తు కుదరకపోతే ప్రోగ్రాం ఆగిపోవాలి, ఏదో ఒకటి ఎంచుకుని ముందుకి పోకూడదు.

కోడింగ్ నియమాలు రాసే టీమ్ లీడ్‌లకీ, శిక్షణ ఇచ్చే మాస్టార్లకీ ఒక విన్నపం. "కాలమ్‌ని నెంబరుతో పిలవరాదు" అనే ఆ ఒక్క లైను కొట్టేయండి. దాని చోట, ఫైలు తెరిచిన ప్రతి చోటా పేరో స్థానమో ఏది నమ్మారో, ఎవరి మాట మీద నమ్మారో, దాన్ని సరిచూసే లైను ఎక్కడుందో చూపించమని రాయండి. చూపించలేని కోడ్‌ని, అందులో ఎంత అందమైన పేర్లున్నా, వెనక్కి పంపండి.